డాక్టర్ కుగ్లర్ దొరసాని గారు



ఈ నెల ధ్యానమునకై లూకా సువార్త 10వ అధ్యాయములోని మంచి సమరయుని కథను మరల ఒకసారి నెమ్మదిగా చదువుకొనవలెనని కోరుచున్నాను. అది చిన్ననాటినుండి మనకు తెలిసిన కథయే. అయినను అందులో మనము గమనింపక దాటిపోవు సంగతి యొకటి కలదు. ఆ సమరయుడు దెబ్బలు తిన్న మనిషిని చూచి జాలిపడి అంతటితో ఊరకుండలేదు. దగ్గర కూర్చుండి గాయములు కట్టెను. తన యొద్దనున్న నూనెను, ద్రాక్షారసమును వాడెను. తాను నడచి అతనిని సవారిమీద బసకు చేర్చెను, రాత్రి కనిపెట్టెను, తెల్లవారిన తరువాత ఖర్చు తానే పెట్టుకొనెను. ఆ దినములలో మనుష్యులకు తెలిసిన వైద్యమంతయు అతడు చేసెను. ప్రభువు మనకు మాదిరిగా చూపినది ఆ మనిషినే.

ఈ సంగతి నాకు అర్థమగుటకు చాల కాలము పట్టెను. నా తప్పును దాచుకొనక మీ యెదుట చెప్పుచున్నాను. కొన్ని సంవత్సరముల క్రిందట నా సంఘములో ఒక యౌవన తల్లికి కాన్పయిన నాలుగవ దినమున జ్వరము తగిలెను. రాత్రివేళ ఆ యింటివారు నన్ను పిలిచిరి. వెళ్లి ప్రార్థించితిని, వాక్యము చదివితిని, ధైర్యము చెప్పి యింటికి వచ్చితిని. జ్వరము ఎప్పటినుండి యున్నదని అడుగలేదు. పట్నములోని ఆసుపత్రికి తీసికొని పొండని చెప్పలేదు. ఆ మాట చెప్పినయెడల వారి విశ్వాసము సన్నగిల్లునేమోనని తలంచితిని. మరునాడును అట్లే జరిగెను. మూడవ దినమున మన సంఘములోని వృద్ధురాలొకామె వచ్చి, ఆ బిడ్డ ఒంటిమీద చెయ్యివేసి చూచి, ఒక్క మాటయైనను నాతో పలుకక ఆటో పిలిపించి ఎక్కించెను. దేవుని కృపవలన ఆ తల్లి బ్రదికినది. అయితే ఇంకొక పూట ఆలస్యమైయుండిన యెడల తమ చేతులలో ఏమియు ఉండెడిది కాదని అక్కడి వైద్యురాలు చెప్పినది. ఆ మాట నన్ను చాల దినములు నిద్రపోనియ్యలేదు. ఆ దినములలోనే మన గుంటూరు వైద్యురాలైన అన్నా కుగ్లర్ దొరసాని గారి జీవితమును శ్రద్ధగా తెలిసికొంటిని. ఆ జీవితమునే ఈ నెల మీ ముందు పెట్టుచున్నాను.

అన్నా సారా కుగ్లర్ గారు 1856వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన అమెరికా దేశములో పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి ఆర్డ్‌మోర్ అను ఊర జన్మించిరి. ఆ కాలములో ఆడపిల్ల వైద్యము నేర్చుకొందుననిన నవ్వెడివారే ఎక్కువ. వైద్య కళాశాలలలో చాలమట్టుకు స్త్రీలకు తలుపులు మూసియుండెను. ఫిలడెల్ఫియా పట్నములో స్త్రీల కొరకే 1850లో స్థాపింపబడిన వైద్య కళాశాల యొకటి యుండెను. ఉత్తర హిందూస్థానములోని బరేలీకి 1870లో వచ్చి స్త్రీలకు వైద్యము చేసిన క్లారా స్వెయిన్ గారు ఆ కళాశాలలో చదివినవారే. కుగ్లర్ గారు అందులో చేరి 1879లో పట్టము పొందిరి.

ఆమె చదువుకొనుచున్న ఆ కాలములో వైద్యశాస్త్రము తానే ఒక గొప్ప పాఠము నేర్చుకొనుచుండెను. దానిని గూర్చి మన పల్లెలలోని తల్లులందరును తెలిసికొనుట మంచిది. 1847లో వియన్నా పట్నపు ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు ఒక సంగతి కనిపెట్టెను. మంత్రసానులు చూచుకొను గదులలోకంటె వైద్యులు చూచుకొను గదులలోనే బాలింతలు జ్వరము తగిలి ఎక్కువగా చనిపోవుచుండిరి. కారణమేమని వెదకగా, ఆ వైద్యులు శవములను కోసి పరీక్షించిన చేతులతోనే కాన్పుగదికి వచ్చుచుండిరని తేలెను. క్లోరిను కలిపిన సున్నపు నీటితో చేతులు కడుగుకొనవలెనని ఆయన కట్టడచేయగా మరణములు చాల తగ్గిపోయెను. అయినను తోటి వైద్యులలో అనేకులు ఆయన మాట అంగీకరింపలేదు. తమ చేతులే మరణమును మోసికొని వచ్చినవని ఒప్పుకొనుట వారికి కష్టమాయెను. 1867లో ఇంగ్లాండు దేశస్థుడైన లిస్టర్ గారు కార్బాలిక్ ఆమ్లముతో గాయములను శుభ్రపరచు పద్ధతిని ప్రకటించిన తరువాత, క్రమక్రమముగా లోకము ఆ సత్యమును ఒప్పుకొనెను.

నేను ఈ సంగతి చదివినప్పుడు సిగ్గుపడితిని. మంచి వైద్యములో తెలివి మాత్రమే గాక ఒక విధమైన దీనమనస్సు కూడ కలదని నాకు తెలిసెను. వైద్యుడు చూడవలెను, లెక్కపెట్టవలెను, తన తలంపు తప్పని తేలినప్పుడు దానిని విడిచిపెట్టవలెను, రోగిని ముట్టుకొనుటకు ముందు తన చేతులే కడుగుకొనవలెను. ఆ వియన్నా వైద్యులవలెనే నేనును నా తప్పును చూడనొల్లక, మంచి చేయుచున్నాననుకొని, ఆ తల్లికి ముప్పు తెచ్చియుంటిని.

పట్టము పొందిన తరువాత కుగ్లర్ గారు నారిస్‌టౌన్ అను పట్నములోని మానసిక రోగుల ఆసుపత్రిలో స్త్రీల విభాగమునందు పనిచేసిరి. ఆ విభాగమునకు పెద్దగా నుండిన ఆలిస్ బెన్నెట్ అను వైద్యురాలు రోగులను గొలుసులతోను కట్లతోను బంధించు పద్ధతిని మాన్పించి, వారికి చేతిపనులు నేర్పించినందుకు పేరుపొందినవారు. మతి చలించిన రోగిని సహితము మనిషిగా చూచు ఆ చోట మన దొరసాని గారు తమ మొదటి అనుభవమును సంపాదించిరి.

అక్కడ నుండగా గుంటూరులో పనిచేయుచున్న రో అను మిషనెరీ దొర గారి యొద్దనుండి ఆమెకు ఉత్తరము వచ్చెను. తెలుగు దేశములో స్త్రీలు వైద్యము లేక పడుచున్న శ్రమలను ఆయన తెలియజేసిరి. ఆ దినములలో ఘోషాలోనున్న స్త్రీ యెంత జబ్బుపడినను పరపురుషుడు ఆమెను చూడరాదు, నాడి పట్టుకొనరాదు. కాన్పు అడ్డము తిరిగినయెడల తల్లియు బిడ్డయు ఆ గదిలోనే ప్రాణములు విడువవలసినదే. గుంటూరులో 1842లో లూథరన్ మిషనును ప్రారంభించిన ఫాదర్ హయ్యర్ గారు కూడ వైద్యముయొక్క అవసరమును చూచి, ఏబది యేండ్లు దాటిన ప్రాయములో స్వదేశమునకు వెళ్లినప్పుడు వైద్యము చదివి వచ్చిరి. అయితే ఆయన పురుషుడు. గోడల వెనుకనున్న స్త్రీలకు స్త్రీయే రావలసియుండెను.

కుగ్లర్ గారు తమ సంఘపు స్త్రీల మిషను సభవారికి దరఖాస్తు పెట్టుకొనిరి. అయితే వారు వైద్యసేవను ఆరంభించుటకు అప్పటికి సిద్ధముగా లేరు. ఉపాధ్యాయినిగా వెళ్లుమని మాత్రము అనిరి. ఇక్కడ మనము కొంచెము నిలిచి ఆలోచింపవలెను. కష్టపడి వైద్యము నేర్చుకొనిన మనిషిని ఆ పని తప్ప మరియొక పని చేయుమనిన ఎట్లుండును? ఆమె కోపగించుకొనలేదు, మానుకొననులేదు. దొరికిన తలుపు గుండనే లోపలికి వచ్చిరి. 1883 ఆగస్టులో ఓడయెక్కి నవంబరు 29వ తేదీన గుంటూరు చేరిరి. అప్పటికి ఆమె వయస్సు ఇరువది యేడు సంవత్సరములు.

అదే 1883లో ఆనందీబాయి జోషీ అను మహారాష్ట్ర యువతి వైద్యము నేర్చుకొనుటకై మన దేశమునుండి అమెరికా చేరి, కుగ్లర్ గారు చదివిన ఆ కళాశాలలోనే చేరెను. ఒకరు ఇటు, ఒకరు అటు సముద్రము దాటిరి. ఆనందీబాయి 1886లో పట్టము పొంది తిరిగి వచ్చెనుగాని, మరుసటి సంవత్సరమే క్షయవ్యాధితో మరణించెను. వైద్యము నేర్చినవారు రోగమునకు అతీతులు కారు. తమ ప్రాణము కూడ ఇతరుల ప్రాణమువంటిదేనని తెలిసియు వారు ఆ పనికి పూనుకొందురు.

గుంటూరులో దొరసాని గారికి బాలికల పాఠశాల పనియు, ఘోషా స్త్రీల యిండ్లకు వెళ్లి చదువు చెప్పు పనియు అప్పగింపబడెను. ఆ పనులు చేయుచునే రోగులను చూచుచుండిరి. మొదటి సంవత్సరములో 185 మందిని వారి యిండ్ల యొద్దను, 276 మందిని తాము నివసించు చోటను చూచిరి. ఆస్పత్రి లేదు, నర్సులు లేరు, వైద్యురాలను ఉద్యోగమే ఆమెకు లేదు. అయినను 461 మంది రోగులు ఆమె చేతిమీదుగా పోయిరి. ఆ లెక్క మనకు మిగిలియున్నదనగా దానిని రాసిపెట్టుకొన్నారన్నమాట. వచ్చిన మనిషిని గుంపులో ఒకరిగా విడిచిపెట్టక, ఒక్కొక్కరిగా లెక్కించుట వైద్యధర్మములో మొదటిది.

అయితే అది సులభముగా జరుగలేదు. పై కులములవారి దృష్టిలో దొరసాని అంటరానిది. ఆమె ముట్టుకొనినయెడల మైలపడుదుమను భయము వారికి గట్టిగా నుండెను. ప్రాణము పోవుచున్నదని పిలుచుకొని పోవుటయు, ఆ చేయి తగిలినందుకు బాధపడుటయు రెండును ఒక్క యింటనే జరుగుచుండెను. మరియొక ప్రక్క మాలపల్లెలనుండి, మాదిగపల్లెలనుండి వచ్చిన మన పితరులకు ఊరిలో ఎవరును చేయి తగిలించెడివారు కారు. ఆమె ఇరుపక్షములవారిని ఒక్క చేతితోనే ముట్టుకొనిరి. జ్వరమునకు కులము లేదని వాదించి చెప్పుటకంటె, ఆ చేయి ఎక్కువ బోధించినదని నేను నమ్ముచున్నాను.

1885 డిసెంబరులో మిషను సభవారు ఆమెను వైద్య మిషనెరీగా నియమించిరి. రెండేండ్లు ఆమె ఓపికతో చేసిన పనియే ఆమె పక్షముగా మాటలాడెను. ఆ సంవత్సరముననే ఈ దేశపు స్త్రీలకు వైద్యసహాయము అందించుటకై డఫ్రిన్ దొరసాని గారి పేరిట నిధి యేర్పడెను. గుంటూరులో మందుల శాల తెరువబడెను. 1889లో కుగ్లర్ గారు స్వదేశమునకు వెళ్లి ఆసుపత్రి కొరకు సంఘములను సహాయము అడిగి, 1891లో తిరిగి వచ్చిరి. అక్కడి సామాన్య స్త్రీలు కూడబెట్టి పంపిన కానుకలతో స్థలమును, కట్టడములును సమకూడెను. 1897 జూన్ నెలలో యాభై పడకల ఆసుపత్రి తెరువబడెను. ఆమె గుంటూరులో అడుగుపెట్టి అప్పటికి పదమూడు సంవత్సరములు దాటెను.

ఆసుపత్రి అనగా గోడలు, పడకలు మాత్రమే కావు. మందు వేళకు ఇచ్చువారు, పక్క మార్చువారు, గాయము కడుగువారు, రాత్రి మేలుకొని కనిపెట్టువారు కావలెను. మన తెలుగు బిడ్డలు అక్కడ నర్సు పని నేర్చుకొనిరి. బాలింత పురిటిగుడ్డను, రోగి మలమూత్రములను ముట్టుకొను పని అప్పటివరకు హీనులదని లోకము అనుకొనెడిది. తెల్లని బట్టలు కట్టుకొని, చదువు నేర్చి, గౌరవముతో ఆ పని చేయు యువతులను చూచినప్పుడు ఊరివారి తలంపు మారసాగెను. నేడు మన సంఘములనుండి ఎందరో బిడ్డలు దేశ విదేశములలో నర్సులుగా నున్నారు. ఆ త్రోవ మొదట త్రొక్కినవారిలో గుంటూరు ఆసుపత్రిలో నేర్చుకొనినవారును ఉన్నారని మరువకూడదు.

ఇక వైద్యునికి దొరకు బహుమానము ఏమిటి? కుగ్లర్ గారికి లోకమిచ్చిన బహుమానములు కొన్ని కలవు. ఆనాటి ప్రభుత్వమువారు 1905లో కైజర్-ఇ-హింద్ పతకమును ఇచ్చి, 1917లో మరల సన్మానించిరి. ఏలూరు జమీందారును కవియునైన భుజంగరావు గారు, తమ రాణి గారికి ఆమె చేసిన చికిత్సకు కృతజ్ఞతగా, ఆసుపత్రికి వచ్చు రోగుల బంధువులు దిగుటకై ఎదుటనే సత్రము కట్టించిరి. రోగిని తెచ్చిన కుటుంబము ఎక్కడ వండుకొనును, ఎక్కడ పండుకొనును అని ఆలోచించి చేసిన ధర్మమది. ఆసుపత్రి వరండాలో నేల మీద రాత్రి గడిపినవారికి దాని విలువ తెలియును.

అయినను ఆమె నలువదియారు సంవత్సరములకు పైగా ఈ ఎండలలో నిలిచినది పతకము కొరకు కాదు. ఏ వైద్యుడైనను నిజము చెప్పిన యెడల ఆ బహుమానము మరియొకటి యని చెప్పును. ఊపిరాడని బిడ్డ ఏడ్చినప్పుడు, జ్వరము దిగి తల్లి నీళ్లడిగినప్పుడు, మంచముమీద తెచ్చిన మనిషి నడచి వెళ్లినప్పుడు కలుగు సంతోషమది. దానితో కూడ దుఃఖమును ఉన్నది. ఆలస్యముగా తెచ్చిన రోగి కన్ను మూయును. ఎంత తెలిసినను తెలియనిది మిగులును. పెనిసిలిన్ మొదలైన మందులు ఆమె కాలములో లేవు. ఎన్ని పడకల యొద్ద ఆమె ఏమియు చేయలేక నిలిచిరో దేవునికే తెలియును. ఆ దుఃఖమును రాత్రి మోసికొని, తెల్లవారి మరల చేతులు కడుగుకొని మొదటి రోగిని పిలుచుటయే వైద్యుని విశ్వాసము. మందు ఇచ్చుట మన వంతు, బ్రదికించుట దేవుని వంతు అని తెలిసినవారే అంతకాలము నిలువగలరు.

1930 జూలై 26వ తేదీన కుగ్లర్ దొరసాని గారు గుంటూరులోనే ప్రభువునందు నిద్రించిరి. అప్పటికి ఆమె వయస్సు డెబ్బది నాలుగు. ఆసుపత్రికి ఆమె పేరు పెట్టబడెను. గుంటూరు సీమలో పెద్దలు ఇప్పటికిని కుగ్లర్ ఆసుపత్రి అనియే చెప్పుకొందురు.

ప్రియులారా, ఈ జీవితమునుండి మనము ఏమి నేర్చుకొందుము? మందు పుచ్చుకొనుట అవిశ్వాసమని చెప్పు బోధకులు నేడు మన పల్లెలకు వచ్చుచున్నారు. షుగరు మాత్రలు, రక్తపోటు మాత్రలు పారవేయుమని కొందరు చెప్పుచున్నారు. క్షయకు ఆరు నెలలు వాడవలసిన మందులను రెండు నెలలకే మాన్పించుచున్నారు. దానివలన వ్యాధి ముదిరి, మందులకు లొంగనిదై, ఇంటిలోని పసిబిడ్డలకు కూడ అంటుకొనుచున్నది. వేదము ఏమి చెప్పుచున్నది? హిజ్కియా రాజు ప్రార్థింపగా దేవుడు ఆలకించెను. అయినను యెషయా ప్రవక్త అతని పుండుకు అంజూరపు పండ్ల కట్టు వేయించెను. ప్రార్థనయు కట్టును ఒక్క మంచము యొద్దనే కలిసికొనెను. పౌలు తన ప్రయాణములు కొన్నిటిలో తనతో కూడ ఒక వైద్యుని ఉంచుకొని, అతనిని ప్రియునిగా ఎంచెను. మన ప్రభువు యాయీరు కుమార్తెను లేపిన వెంటనే ఆ పిల్లకు అన్నము పెట్టుడని చెప్పెను. అద్భుతము చేసిన ప్రభువు ఆకలిని మరువలేదు.

అయితే ఒక మాట న్యాయముగా చెప్పవలెను. పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ తనకు కలిగినదంతయు వైద్యులకు పోసి బాగుపడలేదని మార్కు సువార్త చెప్పుచున్నది. నేడును అప్పుచేసి, పొలము అమ్మి, ఆసుపత్రులపాలైన కుటుంబములు మన సంఘములలో ఉన్నవి. వారి బాధ నిజమైనదే. వైద్యము వ్యాపారమై పోయినచోట అది తన ధర్మమును తప్పినదని మనము ధైర్యముగా చెప్పవలెను. కాని త్రోవ తప్పినవారిని బట్టి త్రోవనే విడిచిపెట్టరాదు. కుగ్లర్ గారివంటివారు చూపిన త్రోవ ఇంకను ఉన్నది. మన బిడ్డలలో వైద్యము, నర్సు పని చదువుచున్నవారికి ఆ త్రోవను గూర్చి ఇంటిలో చెప్పుడి.

ఇకమీదట నా సంఘములో ఎవరైనను జబ్బుపడినప్పుడు నేను రెండు పనులు చేయుచున్నాను. మొదట ప్రార్థించుచున్నాను. వెంటనే జ్వరము ఎన్ని దినములనుండి యున్నదని అడుగుచున్నాను. బాలింతకు జ్వరము వచ్చినయెడల తెల్లవారువరకు ఆగవద్దని, ఆ రాత్రియే 108కి ఫోను చేయుడని చెప్పుచున్నాను. అవసరమైనయెడల నేనును బండిలో కూర్చుండి పోవుచున్నాను. మీరును ఆలాగు చేయుడని వేడుకొనుచున్నాను. మరియు స్వస్థపడి యింటికి వచ్చినప్పుడు ఆ పదిమంది కుష్ఠరోగులలో తిరిగి వచ్చిన ఒక్కనివలె దేవునికి స్తుతి చెల్లించుడి. మిమ్మును చూచిన వైద్యునికిని, రాత్రి మేలుకొనిన నర్సుకును ఒక కృతజ్ఞతా వాక్యము చెప్పుడి. వారికి అది చిన్న బహుమానము కాదు.

ప్రార్థన: పరమ వైద్యుడవైన ప్రభువా, మా శరీరములను నీవే నిర్మించితివి. రోగులను ముట్టుకొను ప్రతి చేతిని శుభ్రముగాను, దయగాను ఉంచుము. మా మూఢత్వమువలన ఎవరి ప్రాణమును పోకుండ మమ్మును కాపాడుము. ఈ దేశమునకు నీవు పంపిన నీ దాసురాలి కొరకు నీకు స్తోత్రములు. ఆమేన్.